నాలుగేళ్లు, ఒకే కారు: ఆఫీసుకూ ట్రాక్‌కూ

రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, ముందు చక్రాలకు మాత్రమే శక్తి. నాలుగేళ్లుగా రోజూ ఆఫీసుకు, వీలైనప్పుడల్లా రేసు ట్రాక్‌కు ఈ హ్యాచ్‌బ్యాక్‌లోనే వెళ్తున్నాను. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే ముక్కు లోపలికి తిప్పుకునే తీరు నాకు ఇప్పటికీ ప్రాణం. ఇంజను ఆయిల్ సగం గడువుకే మారుస్తాను, ఇంజను ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు.

ఎక్కువ ఇబ్బంది బ్రేకులతోనే. మొదటి ఏడాది ఒకసారి అయిదో ల్యాపులో పెడల్ మెత్తబడి అడుగుకంటా దిగిపోయింది. గబగబా రెండుసార్లు తొక్కితే గానీ బిగువు రాలేదు. ప్యాడ్ల (చక్రంతో పాటు తిరిగే డిస్కును నొక్కి ఆపే పలకల) లోపమనుకుని కొత్తవి వేయించాను. తర్వాతి ట్రాక్ డేలోనూ (సొంత కార్లను ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) అదే వరస. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారే ఆగదు. పెడల్ దిగిపోతోందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయన్నమాట. ముందు చక్రం కాలిపర్‌కు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) ఆయిల్ వదలడానికి ఉండే నిపుల్‌కు సన్నని పారదర్శక గొట్టం తగిలించి వదులు చేస్తే, ముదురు గోధుమరంగు ఆయిల్‌తో పాటు బుడగలు వరుసగా వచ్చాయి. నా కారులో వాడే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త ఆయిల్ మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక కనీస హద్దు 155 డిగ్రీలే. ఇప్పుడు రెండు ట్రాక్ డేలకోసారి మారుస్తున్నాను. పెడల్ మళ్లీ దిగలేదు.

చివరి ల్యాపు బ్రేకులు చల్లారేలా నెమ్మదిగా తిరుగుతాను. ఆపాక హ్యాండ్ బ్రేకు వేయను, గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెడతాను. కాగిన డిస్కును ప్యాడ్ నొక్కి పట్టుకుంటే ఆ చోట ప్యాడ్ పదార్థం అంటుకుపోతుంది.

మూడో ఏడాది శక్తి ఉన్నట్టుండి తగ్గిపోయేది. స్కానర్‌లో బూస్ట్ (టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడి) తక్కువన్న కోడ్. మెకానిక్‌లు సెన్సర్ మార్చమన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టం అతుకు దగ్గర వేలితో తుడిస్తే పలచని నూనె తడి. గొట్టాన్ని బిగించే క్లాంపు జారి గాలి కారుతోంది. కొత్త క్లాంపు బిగించడంతో తీరిపోయింది.

ముందు టైర్ల వెలుపలి అంచులు త్వరగా అరిగిపోయేవి. నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండడం) పెంచాక అరుగుదల సమంగా ఉంది.

ఈ మధ్య కుడి మలుపుల్లో మాత్రం సన్నని హోరు వస్తోంది. బరువు ఎడమ వైపు పడినప్పుడే వస్తోంది కాబట్టి ముందు ఎడమ చక్రం బేరింగ్ మీదే నా అనుమానం. జాకీతో ఎత్తి, చక్రం తిప్పి తేల్చుకునేదాకా ట్రాక్‌కు తీసుకెళ్లను.