ముసురు పడితే ఒక క్లిక్కు రెండవుతోంది: మూడేళ్లు వాడిన గేమింగ్ మౌస్

ఈ మౌస్ కొని ఈ శ్రావణానికి మూడేళ్లు. కొన్న మొదటి నెలలోనే తెలిసినవాళ్లందరికీ ఇదే తీసుకోమని చెప్పాను. చేతిలో చక్కగా ఇముడుతుంది, సెన్సర్ ఎక్కడా తడబడదు, బరువు తక్కువ. ఆ మాటలు ఇప్పటికీ నిజమే. కానీ అప్పుడు ఎడమ బటన్ గురించి ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల్సిందంతా దాని గురించే.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటి వెనక పంట కాలువ, చుట్టూ కొబ్బరి తోట. వర్షాకాలంలో తలుపులు ఉబ్బి గడియ పడదు, ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది. నా గదిలో ఏసీ లేదు. పగలు ఈ మౌస్‌తోనే రొయ్యల మేత డీలర్ల లెక్కలు రాస్తాను. రాత్రి తొమ్మిది దాటాక హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయి కొడుకులతో కౌంటర్ స్ట్రైక్ 2 ఆడతాను.

కొన్న 14వ నెలలో, దసరా దాటాక, వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వదల్లేదు. ఆ రాత్రి స్కోరు 12-11, ఇంకో రౌండ్ గెలిస్తే ఆట మాదే. స్మోక్ (పొగ బాంబు) విసరడానికి ఎడమ బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆ ఆటలో బటన్ వదిలితేనే స్మోక్ చేతిలోంచి వెళ్తుంది. నేను వదల్లేదు. అయినా అది వెళ్లి మా వాళ్ల కాళ్ల దగ్గరే పడింది. "అన్నయ్యా, ఏం చేశావు?" అని మా తమ్ముడు అరిచాడు. రౌండ్ పోయింది, తర్వాత ఆట కూడా పోయింది. వేలు జారిందేమో అనుకున్నాను. పొద్దున్నే ఎక్సెల్ షీట్ ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో దాంట్లోకి లాగుతుంటే మధ్యలో తెగి వేరే ఫోల్డర్‌లో పడింది. అప్పుడు అర్థమైంది, తప్పు నా వేలిది కాదని, ఒక్క నొక్కే మధ్యలో తెగి రెండు క్లిక్కులుగా పడుతోందని.

వారంటీ రెండేళ్లు ఉంది కదా అని కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి పంపాను. 18 రోజులకు "లోపం కనబడలేదు" అనే చీటీతో తిరిగొచ్చింది. వాళ్ల దగ్గర నిజంగానే కనబడలేదేమో. ఇక్కడ కూడా సంక్రాంతి నాటికి అంతా మామూలైపోయింది, ఎండాకాలమంతా ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. వారంటీ ముగిసిన నెలకు, భాద్రపదం ముసురులో, మళ్లీ మొదలైంది. తేమ వల్లేనని రుజువు చేయలేను. కానీ రెండేళ్లూ అదే కాలంలో అదే తిప్పలు పడ్డాను.

సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. బటన్ కింద ఉండే స్విచ్ లోపల సన్నని లోహపు రేకు ఇంకో లోహాన్ని తాకినప్పుడు ఒక్క క్షణం అదురుతుంది. ఆ అదురును రెండో క్లిక్కుగా లెక్కపెట్టకుండా మౌస్ కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. దాన్ని 4 నుంచి 14కి పెంచాను. ఒక నెల బండి నడిచింది. కానీ పిస్టల్‌తో గబగబా కొడితే కొన్ని క్లిక్కులు మింగేసేది.

పెట్టె మీద స్విచ్ 5 కోట్ల క్లిక్కులు తట్టుకుంటుందని రాసి ఉంది. రోజుకు పది వేలు కొట్టినా 13 ఏళ్లు దాటాలి. ఆ లెక్క రేకు అలసిపోవడానికి సంబంధించింది, మసిబారడానికి కాదు. కొనేటప్పుడు నాకది తట్టలేదు. 26,000 డీపీఐ (చేయి కొంచెం కదిపితే కర్సర్ ఎంత దూరం పోతుందో చెప్పే అంకె) చూసి మురిసిపోయాను. ఆడేది మాత్రం మొదటి రోజు నుంచీ 800 మీదే.

చివరికి అమలాపురంలో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మౌస్ ఎప్పుడూ విప్పలేదన్నారు, అయినా కాదనలేదు. స్విచ్ తెరిచి భూతద్దం కింద చూపించారు. "ఆయ్, రేకు నల్లబడిపోయిందండి. బోర్డు శుభ్రంగా ఉందండి, స్విచ్ తెచ్చుకోండి, వేసేద్దాం" అన్నారు. కైల్ జీఎమ్ 8.0 స్విచ్‌లు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించాను. మూడు కాళ్లకు టంకం తీసి కొత్తది పెట్టడానికి ఆయనకు పావుగంట పట్టింది, వంద రూపాయలు తీసుకున్నారు. ఇంటికొచ్చి నొక్కితే కొత్తలో ఉన్నప్పటి కంటే గట్టిగా, స్పష్టంగా పలికింది. సర్వీస్ సెంటర్‌కు కనబడని లోపం ఆయన కంటికి కనబడింది. ఆ సంతోషం ఇంకా ఉంది.

ఒక నష్టం మాత్రం జరిగింది. స్క్రూలు అడుగున స్కేట్ల కింద, అంటే మౌస్ జారడానికి అంటించిన నున్నటి ముక్కల కింద, ఉంటాయి. ఆ స్కేట్లు ఊడదీస్తే మళ్లీ సరిగా అంటుకోలేదు. కొత్తవి వేశాను గానీ ఆ పాత జారుడు రాలేదు. పక్కల రబ్బరు కూడా రెండో ఏటి నుంచి జిగటగా ఉంది. స్పిరిట్‌తో తుడుస్తూ నెట్టుకొస్తున్నాను.

ఇదే మోడల్ హైదరాబాద్‌లో మా తమ్ముడు రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నాడు. అందుకని కొనొద్దని ఎవరికీ చెప్పలేను. నాలాగా కాలువ గట్టున, ఏసీ లేని గదిలో ఆడేవాళ్లయితే మాత్రం ముందు స్విచ్ రకం చూడండి. ఆప్టికల్ స్విచ్‌లో క్లిక్కును కాంతితో పట్టుకుంటారు, లోహం లోహాన్ని తాకడం మీద ఆధారపడదు కాబట్టి ఈ అదురు సమస్య రాదు. పండక్కి వచ్చినప్పుడు మా చిన్న తమ్ముడు తెచ్చిన అలాంటి మౌస్‌తో వారం ఆడాను. నొక్కు కొంచెం బోలుగా అనిపించింది, నా వేలికి ఇంకా నచ్చలేదు.

కొత్త స్విచ్ వేసి పది నెలలైంది. డీబౌన్స్ మళ్లీ 4కి తెచ్చాను, ఇప్పటిదాకా ఒక్క క్లిక్కూ తప్పలేదు. అయితే అది ఇంకా పూర్తి వర్షాకాలం చూడలేదు. రెండో స్విచ్ బియ్యం డబ్బాలో పెట్టి ఉంచాను.