వయసు చెప్తే లెవెల్ చెప్తామనేవాళ్ల దగ్గర కొనకండి

ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పుకునేవాళ్లకి ఈ హెచ్చరిక. ఇంగ్లిష్ గ్రామర్, రైటింగ్ పుస్తకాలు సెట్లుగా అమ్మే ఆ సెల్లర్ గురించి. పేరు అక్కర్లేదు, "వయసు చెప్పండి, లెవెల్ మేం చెప్తాం" అనే ప్రకటన చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. నేనూ చూశాను, పడ్డాను. ఒకటి కాదు, మూడు సెట్లు. ముగ్గురు పిల్లలు కదా మరి!

మా పెద్దదానికి పదకొండేళ్లు, నడిమివాడికి తొమ్మిది, చిన్నదానికి ఏడు. చాట్‌లో ఈ అంకెలు పంపిన రెండు నిమిషాల్లో ఐదు, మూడు, ఒకటి అని లెవెల్స్ వచ్చేశాయి. పెద్దది లావు లావు నవలలు చదువుతుంది గానీ గ్రామర్ ఎప్పుడూ పద్ధతిగా చెప్పలేదండీ అన్నాను. "వయసుకి తగ్గ లెవెలే పెట్టాలి సార్, లేకపోతే వెనకబడిపోతుంది" అందావిడ. ఆ ఒక్క మాటకి మనం బెదిరిపోతామని వాళ్లకి తెలుసు. పోనీ గ్రామర్ ఒక లెవెల్, రైటింగ్ ఒక లెవెల్ ఇవ్వండి అంటే "విడిగా రావు సార్, సెట్టే" అంది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. ముగ్గురి చేతా తలా ఒక పేజీ రాయించి చూశాక కొందాం అని మా ఆవిడ అంటూనే ఉంది. ఆఫర్ ఆ రాత్రితో అయిపోతుందని నేనే వినలేదు.

పెట్టె వచ్చింది, సీళ్లు కోసి మొదలుపెట్టాం. పెద్దదాని మొదటి పాఠంలోనే సబార్డినేట్ క్లాజ్ గుర్తించి, అది అడ్వర్బ్ పని చేస్తోందో అడ్జెక్టివ్ పని చేస్తోందో రాయమన్నారు. క్లాజ్‌కీ ఫ్రేజ్‌కీ తేడా కింది లెవెల్లోనే చెప్పేశారట! అది పెన్ను పక్కన పెట్టి "నేను మొద్దునా నాన్నా?" అంది. నడిమివాడు గ్రామర్ చకచకా చేసేశాడు, రైటింగ్ దగ్గర ఆగిపోయాడు. మూడు పేరాల కథ రాయాలి. నోటితో అయితే వాడు అరగంట కథ చెప్తాడు, పెన్సిల్ పట్టుకుంటే మూడు లైన్లకే చెయ్యి నొప్పి. చిన్నదేమో అన్నకి చెప్తుంటే విని విని నౌన్, వెర్బ్ ఎప్పుడో పట్టేసింది. మొదటి లెవెల్ గ్రామరంతా రెండు పూటల్లో నోటితోనే అప్పజెప్పేసింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ రాత్రి టీచర్ పుస్తకం తీశాను. మొదటి పేజీలోనే గళ్లు కట్టి మరీ వేశారు: వయసును బట్టి లెవెల్ ఎంచుకోకండి, ముందు ప్లేస్‌మెంట్ టెస్ట్ (పిల్లలు ఏ లెవెల్లో ఉన్నారో తేల్చే పరీక్ష) పెట్టండి, గ్రామర్‌కీ రైటింగ్‌కీ వేర్వేరు లెవెల్స్ రావచ్చు అని. ఫొటో తీసి పంపి, సెట్లు మార్చమని మర్యాదగానే అడిగాను. వచ్చిన జవాబు: "ఆ పేజీ కనిపించిందంటే సీలు తెరిచినట్టే కదా సార్. సీలు తెరిస్తే మార్చం."

మళ్లీ చదవండి. కొనేముందు తెలియాల్సిన మాటని సీలు లోపల పెట్టారు. ఆ మాట చదివినందుకే నాకు మార్చే దారి మూసేశారు. ఎంత తెలివి!

ఫోన్ చేసి, ఆ టెస్ట్ ముందే ఎందుకు పంపలేదని అడిగాను. "మీరు అడగలేదు కదా" అంది. ఆ తర్వాత అన్న మాటకే నాకింకా ఒళ్లు మండుతోంది: "స్కూల్లో వేసుంటే మీకీ గొడవే ఉండేది కాదు సార్." ఇంట్లో చదువు చెప్పేవాళ్లకి పుస్తకాలు అమ్ముకునే మనిషి అనాల్సిన మాటేనా అది? ఫోన్ పెట్టేశాక బ్రహ్మాండమైన జవాబులు తట్టాయి. ఫోన్లో మాత్రం "సరేనండీ" అన్నాను. నా మొహానికి అంతే.

చివరికి మెయిల్ కూడా పెట్టారు. "యూ డిడ్ నాట్ కెప్ట్ ద సీల్" అని. మా నడిమివాడు పక్కనుంచి చూసి "డిడ్ తర్వాత కీప్ కదా రావాలి నాన్నా" అన్నాడు. వయసు కనుక్కుని వాళ్లకీ ఓ లెవెల్ చెప్పాలి.

సరే, కొనేవాళ్లు డబ్బు కట్టకముందే ప్లేస్‌మెంట్ టెస్ట్ అడగండి, ఇవ్వకపోతే వదిలెయ్యండి. పిల్లలు తడబడటం మొదలైన చోటే వాళ్ల లెవెల్. గ్రామర్‌కి అన్నాచెల్లెళ్లని ఒక్కచోటే కూర్చోబెట్టొచ్చు, రాతపని మాత్రం ఎవరిది వాళ్లకే. మూడో లెవెల్ మళ్లీ నౌన్ దగ్గర్నుంచే మొదలవుతుంది, ఇప్పుడు పెద్దదీ తమ్ముడి పక్కనే కూర్చుంటోంది. నడిమివాడు కథ చెప్తుంటే నేను రాసి, అందులో రెండు వాక్యాలు వాడి చేత చూసి రాయిస్తున్నాను. మా ఆవిడ ఏమీ అనడం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

ఐదో లెవెల్ సెట్ ఎవరికైనా పనికొస్తే చెప్పండి. సీలు మాత్రం లేదు.