ఎండీ కంట్రోలర్: కొన్ని వేసవులు వాడాక నా మాట

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న బిల్డింగ్ చూసుకునేవాళ్లు బిల్లు రాగానే ముందు వెతికేది ఆర్‌ఎండీ అంకె, అంటే ఆ నెలలో మీటరు నమోదు చేసిన గరిష్ఠ డిమాండ్. నెల మొత్తంలో ఒక్క అరగంట సగటు లోడు కరెంటు సంస్థతో ఒప్పుకున్న కాంట్రాక్టు డిమాండ్ (సీఎండీ) దాటినా చాలు, దాటిన ప్రతి కేవీఏకీ (లోడు కొలిచే యూనిట్) డిమాండ్ చార్జి రెట్టింపు పడుతుంది. పోనీ సీఎండీ పెంచుకుందామంటే, వాడినా వాడకపోయినా అందులో 80 శాతానికి నెలనెలా కట్టాల్సిందే. గచ్చిబౌలిలో నేను చూసే ఆఫీసు బిల్డింగ్‌లో ఈ రెంటి మధ్యా నలిగి ఎండీ (గరిష్ఠ డిమాండ్) కంట్రోలర్ పెట్టించాం. లోడు పెరుగుతుంటే చిల్లర్లు (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రాలు), ఏహెచ్‌యూలు (చల్లగాలిని అంతస్తుల్లోకి ఊదే యూనిట్లు), పంపులు, సెల్లార్‌లోని కారు చార్జర్లను తనే తగ్గించే పెట్టె అది. పెట్టుకోదగ్గదే. కాకపోతే దేన్ని ముందు తగ్గించాలో మనం రాసిచ్చే వరుసను బట్టే దాని పనితనం.

500 కేవీఏ సీఎండీ అనుకోండి. అరగంటకు మన వాటా 250 కేవీఏహెచ్. మొదటి 20 నిమిషాలు 540 మీద నడిస్తే 180 ఖర్చయిపోయినట్టే. మిగిలిన 70తో పది నిమిషాలు నెట్టుకురావాలంటే లోడు 420కి దిగాలి. ప్యానెల్ ముందు మనిషిని నిలబెట్టి రోజంతా ఈ లెక్క వేయించలేం.

మొదట్లో పెద్ద ఇబ్బంది గడియారంతోనే వచ్చింది. కంట్రోలర్ అరగంట ఒకచోట మొదలైతే మీటరు అరగంట ఇంకోచోట మొదలయ్యేది. స్క్రీన్ మీద అంతా పచ్చగా కనిపించిన నెలలోనే బిల్లులో ఆర్‌ఎండీ దాటింది. అమ్మినవాళ్లు ‘సెట్టింగ్స్ కరెక్టే సార్’ అంటూ చాలాకాలం తిప్పారు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతితో మీటరు ఇచ్చే పల్స్ సంకేతం నుంచే సమయం తీసుకునేలా మార్పించాక గానీ అంకెలు కలవలేదు.

ఇక వరుస సంగతి. మేం ముందు కారు చార్జర్లు, తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకు పంపులు ఆపుతాం. ఎవరికీ తెలియదు కూడా. ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) బ్లోయర్లను కాసేపు ఆపొచ్చు గానీ ఎక్కువసేపు గాలి అందకపోతే బ్యాక్టీరియా దెబ్బతిని సెల్లారంతా వాసన వస్తుంది. ఏహెచ్‌యూ ఫ్యాన్లకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉంటే అదే బంగారం: వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగమవుతుంది. చిల్లర్‌ను మాత్రం ఆపకండి, లోడు పరిమితి తగ్గించండి. మాటిమాటికీ ఆపి వేస్తే కంప్రెసర్ పాడవుతుంది. చల్లనీళ్ల ఉష్ణోగ్రత 7 నుంచి 9 డిగ్రీలకు పెంచినా మేలో ఎవరూ ఏమీ అనలేదు. ఆగస్టులో అదే పని చేస్తే ‘ఏసీ వేసినా జిగటగా ఉంది’ అని ఫోన్లు మొదలయ్యాయి. నీళ్లు అంత చల్లగా లేకపోతే ఏహెచ్‌యూలోని కాయిల్‌తో గాలిలో తేమ సరిగా తగ్గడం లేదు. అందుకే వానాకాలం ఆ మెట్టును చిట్టచివరికి నెట్టాం.

మేం ఊహించనిది ఇంకొకటి ఉంది. మా ఎండీ ఎగబాకేది మే నెల మధ్యాహ్నం మూడింటికి అనుకున్నాం. రికార్డులు తీస్తే చాలా నెలల్లో అది ఈదురుగాలుల వానకు కరెంటు పోయి తిరిగొచ్చిన అరగంటలో పడింది. చిల్లర్లు, పంపులు, యూపీఎస్ బ్యాటరీల చార్జింగ్ అన్నీ ఒక్కసారే లేస్తాయి మరి. ఇప్పుడు డీజీ (డీజిల్ జనరేటర్) నుంచి గ్రిడ్‌కు మారగానే ఒక్కొక్కటే విరామంతో లేచేలా పెట్టాం. కంట్రోలర్‌కు పెట్టిన డబ్బుకు నాకు అసలైన ఫలితం కనిపించింది ఇక్కడే.

టైమ్ ఆఫ్ డే (వేళను బట్టి మారే కరెంటు ధర) మీద మాత్రం ఆశలు పెద్దగా పెట్టుకోకండి. తెలంగాణలో హెచ్‌టీకి ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 వరకు యూనిట్‌కు రూపాయి అదనం, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాయితీ. ఆఫీసు తెరిచే ముందు ఎనిమిదింటికి చల్లబరచమని చాలామంది సలహా ఇస్తారు. అది సరిగ్గా రూపాయి ఎక్కువ పడే వేళ. మేం ఐదింటికే మొదలుపెట్టి ఆరులోపు ముగిస్తాం. కానీ మాది అద్దాల బిల్డింగ్, ఆ చల్లదనం పదకొండు దాకా కూడా నిలవదు. సాయంత్రం నయం: జనం వెళ్లిపోతుండగా ఐదు నుంచి ఆరు మధ్య బాగా చల్లబరచి, తర్వాత షిఫ్టువాళ్లు ఉన్న అంతస్తుల్లో సెట్‌పాయింట్ (ఏసీకి పెట్టే ఉష్ణోగ్రత) కాస్త పెంచుతాం. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. ఆ పద్ధతి మా బిల్లులోకి వస్తే ఈ షెడ్యూల్ మొత్తం తిరగరాయాలి.

కొనేవాళ్లు డబ్బు చేతిలో పెట్టే ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: మీటరు గడియారంతో కలిపి పరీక్షించి చూపించడం, అరగంట రికార్డులన్నీ చందా లేకుండా మనం దించుకోగలగడం. రెండోది మాకు ఇప్పటికీ లేదు. ఏటా చందా కట్టి మా రికార్డులు మేమే తీసుకుంటున్నాం.