పెరటి పురుగుల ఫొటోలకు రేనాక్స్ డీసీఆర్-250: రెండేళ్ల వాడకం తరువాత

మా పెరడు రెండు సెంట్లకు మించదు. అందులో కరివేపాకు, నిమ్మ, కడియం నర్సరీ నుంచి తెచ్చుకున్న గులాబీలు, ప్రహరీ మీదికి పాకించిన చిక్కుడు పాదు ఉన్నాయి. వీటిపై బతికే పురుగులను ఫొటోలు తీయడానికి రెండేళ్లుగా రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ లెన్సును వాడుతున్నాను. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా గానీ మిర్రర్‌లెస్ కెమెరా గానీ ఇప్పటికే ఉండి, ఇంటి తోటలో పురుగులను శ్రద్ధగా గమనించాలనుకునే వారు మొదట కొనవలసిన వస్తువు ఇదేనని నా అభిప్రాయం.

దీనికి ముందు ఫోనుకు క్లిప్పుతో తగిలించే చౌక లెన్సు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. దానితో బొమ్మ స్పష్టంగా రావాలంటే ఫోనును పురుగుకు రెండు సెంటీమీటర్ల దాకా తీసుకువెళ్లవలసి వచ్చేది. ఆలోపే నీడ పడి పురుగు ఎగిరిపోయేది. కదలకుండా కూర్చున్న వాటిని తీసినా బొమ్మ అంచులన్నీ అలికినట్లు వచ్చేవి. డీసీఆర్-250 తో మొదట తెలిసివచ్చిన తేడా ఈ దూరమే. దీని శక్తి 8 డయాప్టర్లు, అంటే మీటరును 8 తో భాగిస్తే వచ్చే దూరంలో బొమ్మ స్పష్టంగా వస్తుంది కాబట్టి, పురుగుకూ అద్దానికీ మధ్య దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే అర జానెడుకు కాస్త ఎక్కువ ఎడం ఉంటుంది. ఆ ఎడంలో పురుగు తన పని తాను చేసుకుపోతుంది, మనం దాన్ని చూడగలుగుతాము.

జపాన్‌లో తయారయ్యే ఈ అద్దం విడిగా పనిచేయదు. కెమెరాకు ఉన్న లెన్సు ముందు తగిలించుకోవాలి. దీనితో వచ్చే పట్టీని రెండు వైపులా నొక్కి వదిలితే, ఫిల్టరు మర 52 నుంచి 67 మిల్లీమీటర్ల వరకు ఉన్న ఏ లెన్సుకైనా పట్టుకుంటుంది. నేను దీన్ని 55-250 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు మీద వాడుతున్నాను. జూమ్‌ను 250 దగ్గర ఉంచితే పురుగు సెన్సారు మీద తన అసలు పరిమాణానికి రెండు రెట్లు పడుతుంది, అంటే సెంటీమీటరు పొడవున్న పురుగు దాదాపు బొమ్మంతా నిండిపోతుంది. జూమ్ తగ్గించేకొద్దీ మూలలు నల్లబడతాయి గనుక నేను 100 కంటే కిందికి దించను. కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలైన ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వెలుతురును తగ్గిస్తాయి, ఇది తగ్గించకపోవడం మరొక మేలు.

ఈ లెన్సు విలువ నాకు పూర్తిగా అర్థమైంది గులాబీల దగ్గర. ఆకుల అంచుల్లో గాజు ముక్కతో కోసినట్లు గుండ్రని కోతలు కనిపిస్తే మందు కొట్టమని అందరూ చెప్పారు. ఒక ఉదయం కనిపెట్టుకుని కూర్చుంటే, ఆకు కోసే తేనెటీగ వచ్చి ఆకు అంచును కాళ్ల మధ్య ఇరికించుకుని, దవడలతో వంపుగా కోసుకుంటూ వెళ్లి, ముక్కను పొట్ట కింద చుట్టి పట్టుకుని ఎగిరిపోయింది. తీసిన బొమ్మలలో దాని పొట్ట అడుగున ఉన్న నూగులో పుప్పొడి పసుపు అద్దినట్లు కనిపించింది. ఆ ముక్కలతో అది గూటిలో అరలు కట్టి, ఒక్కొక్క అరలో పుప్పొడి ముద్ద పెట్టి గుడ్డు పెడుతుంది. గులాబీకి దీనివల్ల వాటిల్లే నష్టం చాలా స్వల్పం, తోటకు జరిగే పరాగ సంపర్కం మాత్రం ఎంతో మేలు. అందుకే ఆ మొక్కలకు మందు కొట్టడం మానేశాను.

చిక్కుడు పాదు మీద పేనుబంక పట్టినప్పుడు కూడా ఇటువంటిదే చూశాను. ఆకు కింద వెంట్రుకంత సన్నని కాడల చివర నిలబడి ఉన్న తెల్లని గుడ్లను బూజనుకుని తుడిచేయబోయి, ముందు ఒక బొమ్మ తీశాను. అవి అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లు. వాటి పిల్లలు పేనుబంకను పీల్చి తినేస్తాయి. కరివేపాకు మీద కామన్ మార్మన్ సీతాకోకచిలుక పిల్ల పురుగు మొదట పిట్ట రెట్టలా ఉండి, నాలుగోసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారడాన్ని కూడా ఈ లెన్సుతోనే వరుసగా తీయగలిగాను.

అయితే దీనికి ఓర్పు కావాలి. ఇంత పెద్దదిగా చూపినప్పుడు స్పష్టంగా కనిపించే మందం, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేసినా, అర మిల్లీమీటరు ఉండదు. పురుగు కన్ను స్పష్టంగా వస్తే మీసాలు మసకబారుతాయి. ఆటోఫోకస్ ఆపేసి, మోచేతులను మోకాళ్లకు ఆనించి, ఒళ్లంతా మెల్లగా ముందుకు వంచుతూ పురుగు కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కడం నాకు కుదిరిన పద్ధతి. ఫ్లాష్ లేకుండా నీడపట్టున పని జరగదు. సామాను చుట్టి వచ్చే తెల్లని ఫోమ్ షీటును ఫ్లాష్ ముందు వంచి కడితే, పెంకు పురుగుల వీపు మీద తెల్లని మెరుపు మచ్చ పడకుండా రంగు నిలుస్తుంది. ఎండెక్కకముందు పురుగుల ఒళ్లు చల్లగా ఉండి కదలిక మందంగా ఉంటుంది కనుక నేను తీసిన మంచి బొమ్మలలో చాలావరకు ఉదయం ఏడు గంటల లోపువే.

తూనీగలు, సీతాకోకచిలుకలు ప్రధానంగా తీయదలచుకుంటే 4.8 డయాప్టర్ల డీసీఆర్-150 మేలు. దానితో ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి తీయవచ్చు. చీమ, పేనుబంక, గుడ్ల వంటి వాటికి 250 నే తీసుకోవాలి. కొనేముందు మీ లెన్సు ముందు భాగంలో వ్యాసం గుర్తు (⌀) పక్కన ఉన్న అంకె చూసుకోండి. అది 49 అయితే 49 నుంచి 52 కు మార్చే స్టెప్-అప్ రింగు కూడా కొనవలసి ఉంటుంది.