పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11: నేరుగా ఎక్కించాలా, వర్చువల్ మెషిన్‌లో పెట్టాలా?

మా బావకు తెనాలిలో డీటీపీ షాపుంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. పనంతా ఒక్క ల్యాప్‌టాప్ మీదే. 2014లో కొన్నది, నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, మధ్యలో నేను పట్టుబట్టి వేయించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. అందులో విండోస్ 10, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, 10కి ఇక అప్‌డేట్లు ఇవ్వడంట. సరే, 11 వేసుకుందామంటే నీ సిస్టమ్ పనికిరాదంటున్నాడు. మరి నేనేం చెయ్యాలంట?"

అప్పటికే నలుగురిని అడిగితే రెండు సలహాలు వచ్చాయట. ఒకటి, చెకింగ్ తప్పించి 11ని నేరుగా ఎక్కించెయ్యడం. రెండోది, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, అందులో వర్చువల్ మెషిన్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన, కంప్యూటర్ లోపలి కంప్యూటర్) పెట్టి, దాని లోపల 11 వేసుకోవడం. రెండూ జరిగే పనులే. ఇంట్లో అలాంటిదే ఇంకో పాత ల్యాప్‌టాప్ ఉంటే దానిమీద రెండూ చేసి చూశాను. చూశాక తేలిందేమిటంటే, ఈ రెండూ ఒకే జబ్బుకు మందులు కావు.

అడ్డు ఎక్కడుంది

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కొన్ని షరతులు పెట్టింది. రహస్య తాళాలు దాచే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఉండాలి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరస నుంచి ఉండాలి. బావ సిస్టమ్ ర్యామ్‌లో, డిస్క్‌లో పాసయింది. టీపీఎం దగ్గర, ప్రాసెసర్ దగ్గర ఫెయిలయింది.

ఇందులో వేగం లెక్క తక్కువ, సెక్యూరిటీ లెక్క ఎక్కువ. ఉదాహరణకు విండోస్ మూలంలోకి చెడ్డ ప్రోగ్రాంలు చొరబడకుండా చూసే మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక రక్షణ ఉంది. దానికి సాయపడే ఏర్పాటు ఇంటెల్‌లో ఏడో తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉంది. అంతకన్నా పాతవాటిలో అదే పని సాఫ్ట్‌వేర్‌తో లాక్కురావాలి, సిస్టమ్ నెమ్మదిస్తుంది. అది ఆపేసి నడిపితే నాలుగో తరం ఐ5 కూడా 11ని బానే మోస్తుంది. గుమ్మం దగ్గర ఆపారు గానీ, లోపల కూర్చోడానికి చోటు లేక కాదు.

అసలు దాటలేని గోడ ఇంకొకటుంది. 24హెచ్2 (అంటే 2024 రెండో సగం) వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్లు (ప్రాసెసర్‌కు పుట్టుకతోనే తెలిసిన ఆదేశాలు) లేకపోతే విండోస్ బూట్ కూడా కాదు. ఐ సిరీస్ మొదటి తరం నుంచి అవి ఉన్నాయి, కోర్ 2 డ్యూయోలో లేవు. వర్చువల్ మెషిన్ పెడితే ఇదీ దాటొచ్చని ఒకాయన బావతో అన్నాడట. దాటలేం. లోపలి విండోస్ కూడా ఆ ప్రాసెసర్ మీదే నడవాలి కదా. టీపీఎం చిప్‌ను సాఫ్ట్‌వేర్‌తో నకలు చేసి ఇవ్వగలరు గానీ, లేని ఇన్‌స్ట్రక్షన్‌ను అలా తెచ్చిపెట్టలేరు.

నేరుగా ఎక్కిస్తే

రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారుచేస్తుంటే "టీపీఎం, సెక్యూర్ బూట్ షరతులు తీసెయ్యనా" అని అదే అడుగుతుంది. టిక్ పెడితే సరి. లేదా ఇన్‌స్టాల్ స్క్రీన్ దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట) ల్యాబ్‌కాన్ఫిగ్ అనే కీ చేసి, అందులో బైపాస్ విలువలకు 1 ఇవ్వాలి. గంటలో అయిపోయింది. నేనైతే డ్రైవర్ల గురించి టెన్షన్ పడ్డాను గానీ, విండోస్ 10 డ్రైవర్లే అతుక్కున్నాయి. వైఫై, టచ్‌ప్యాడ్, ప్రింటర్ అన్నీ పలికాయి. యూట్యూబ్ వీడియో ఆగకుండా ఆడింది. పేజ్‌మేకర్ ఎప్పటిలాగే తెరుచుకుంది. వాడకంలో సుఖమంటే ఇదే సుఖం, అందులో అనుమానం లేదు.

చిక్కు తర్వాత మొదలవుతుంది. ఇలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఆచరణలో నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు నాకు వస్తూనే ఉన్నాయి. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ మాత్రం తనంతట తాను రాదు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే ఆయుష్షు. 23హెచ్2కు 2025 నవంబరు 11తో తీరిపోయింది. అంటే రెండేళ్లకోసారైనా ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) దింపుకుని, మళ్లీ అదే దొడ్డిదారిన ఎక్కించాలి. ఆ దారి అప్పటికి తెరిచి ఉంటుందని చెప్పేవాళ్లు లేరు. ఒకప్పుడు ఇలాంటి రిజిస్ట్రీ చిట్కా ఒకటి మైక్రోసాఫ్ట్ తన సొంత పేజీలోనే పెట్టింది, తర్వాత తీసేసింది. నాలాంటివాడు పక్కన ఉంటే ఫరవాలేదు. బావ తనంతట తాను చేసుకోవాలంటే కష్టం.

వర్చువల్ మెషిన్‌లో పెడితే

వర్చువల్ మెషిన్లు నడిపే ప్రోగ్రాం వర్చువల్‌బాక్స్. 2022 అక్టోబరులో వచ్చిన దాని 7.0 వెర్షన్ నుంచి వర్చువల్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ సెట్టింగ్స్‌లోనే దొరుకుతున్నాయి. ముందు బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఇంటెల్ వర్చువలైజేషన్ ఆన్ చెయ్యాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లో ఉంటుంది, అది తెలియక వర్చువల్‌బాక్స్‌ను తిట్టుకునేవాళ్లు ఎందరో. లినక్స్‌లో ఒక రకమైన మింట్ 22 వేసి, దాని మీద వర్చువల్‌బాక్స్, అందులో విండోస్ 11. ఎక్కింది. ఎక్కడం వేరు, వాడుకోగలగడం వేరు.

ర్యామ్ లెక్క చూడండి. ఉన్నది 8 జీబీ. విండోస్‌కు కనీసం 4 ఇవ్వాలి. మింట్ తన ఖర్చు తాను చూసుకున్నాక బ్రౌజర్‌కు మిగిలేది రెండు, రెండున్నర. ఆ ఐ5లో ఉన్నవి రెండే కోర్లు. విండోస్‌లో రైట్ క్లిక్ చేస్తే మెనూ వచ్చేలోపు ఇంకోసారి క్లిక్ చేసేస్తాం. గ్రాఫిక్స్ కూడా అరకొరే. వీడియో ఎడిటింగ్, ఆటలు అనుకునేవాళ్లు ఇటు రాకండి. వేలరెంట్ లాంటి ఆటలు వర్చువల్ మెషిన్‌లో నడవవు. ఆన్‌లైన్ పరీక్షలకు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ కూడా వర్చువల్ మెషిన్ అని పసిగట్టి మొరాయిస్తుంది. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఈ సంగతి పరీక్ష రోజున తెలియకూడదు.

లైసెన్స్ ఒకటి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ వర్చువల్ మెషిన్ లోపల తనంతట తాను యాక్టివేట్ కాదు. వేరే కీ కొనుక్కోవాల్సి రావచ్చు. "లోపల పెడుతున్నాం కదా, ఫ్రీయే" అనుకోవద్దు.

ఇంతవరకూ చూస్తే నేరుగా ఎక్కించడమే మేలనిపిస్తుంది. విండోస్ 11 కావాలి, ఆ పాత సిస్టమ్ మీదే కావాలి అంటే నా జవాబు కూడా అదే. కొత్త విండోస్ బరువు మోయించడానికి వర్చువల్ మెషిన్ పెట్టుకోవడం, నడవలేని ఎద్దుకు రెండు కాడులు కట్టడం లాంటిది.

బావకు కావాల్సింది 11 కాదు

ఆ సంగతి నాకు షాపులో ఒక పూట కూర్చుంటే గానీ అర్థం కాలేదు. పొద్దున్నే ఒకాయన పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపించాయి, పాత వైరస్సే. తర్వాత వాట్సాప్ వెబ్‌లో ఇంకొకరు మ్యాటర్ పంపారు. మధ్యలో బావ బ్యాంకు సైటు తెరిచి కాగితం వ్యాపారికి డబ్బు వేశాడు. ఈ పనుల్లో దేనికీ విండోస్ అక్కర్లేదు. విండోస్ కావాల్సింది పేజ్‌మేకర్‌కు, అనుకు. పేజ్‌మేకర్ 7 ఏమో 2001లో వచ్చింది. దానికి 11 పెట్టినా ఒకటే, 10 పెట్టినా ఒకటే. ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు.

అంటే ప్రమాదమంతా ఒకవైపు, విండోస్ అవసరమంతా ఇంకోవైపు. అలాంటి చోట వర్చువల్ మెషిన్‌కు మించింది లేదు. అయితే లోపల పెట్టాల్సింది విండోస్ 10, నెట్‌వర్క్ పూర్తిగా తీసేసి. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో "కేబుల్ కనెక్టెడ్" అన్నచోట టిక్ తీసేస్తే చాలు. నెట్ లేకపోయినా, మింట్‌కూ లోపలి విండోస్‌కూ ఉమ్మడిగా ఉండే షేర్డ్ ఫోల్డర్ పనిచేస్తుంది. బయటి బ్రౌజర్, వాట్సాప్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ మింట్‌లో. దానికి 2029 దాకా అప్‌డేట్లున్నాయి. పెన్‌డ్రైవ్ మింట్‌లో తెరిచి, కావాల్సిన ఫొటో ఒక్కటే షేర్డ్ ఫోల్డర్‌లో వెయ్యాలి. లోపల కార్డు తయారయ్యాక మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌తో అదే ఫోల్డర్‌లోకి తెచ్చి, ప్రింట్ మింట్ నుంచే కొట్టాలి. ఆ పీడీఎఫ్‌లో అను అక్షరాలు చెదరలేదు. బటర్ పేపర్ మీద వచ్చిన ఒత్తులు కూడా ఒకటికి రెండుసార్లు చూశాను.

వేగం కూడా ఇక్కడ ఇబ్బంది పెట్టలేదు. విండోస్ 10కి 3 జీబీ ఇచ్చాను. నెట్ లేదు కాబట్టి వెనకాల అప్‌డేట్ల గోల లేదు, పేజ్‌మేకర్ బరువే లేని ప్రోగ్రాం.

రెండు దెబ్బలు తిన్నాం, అవి కూడా చెప్పాలి. మొదటి వారం బావ భయం కొద్దీ రోజుకో స్నాప్‌షాట్ (వర్చువల్ మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టే నకలు) తీశాడు. ఒక సాయంత్రం కార్డు మధ్యలో వర్చువల్ మెషిన్ పాజ్ అయి కూర్చుంది. చూస్తే ఎస్‌ఎస్‌డీ నిండిపోయింది. స్నాప్‌షాట్లు డిస్క్‌ను ఎలుకల్లా తింటాయి, రెండుకు మించి ఉంచకూడదు. ఇంకోటి, మింట్ కెర్నల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్ అయిన మర్నాడు, దానికి అతుక్కుని నడిచే వర్చువల్‌బాక్స్ మాడ్యూల్ లోడ్ కాలేదు. షాపు తెరిచే వేళకు నేను ఫోన్‌లో ఉండి మళ్లీ బిల్డ్ చేయించాను. ఈ బెడద వద్దనుకుంటే వర్చువల్‌బాక్స్ బదులు కేవీఎం వాడుకోవచ్చు. అది లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది, కాకపోతే దాని స్క్రీన్లు కొత్తవాళ్లకు కాస్త కంగారు పుట్టిస్తాయి.

ఇదే పద్ధతి మా స్నేహితుడికి చెబితే బెడిసికొట్టింది. అతను ఆడిటర్ దగ్గర పనిచేస్తాడు. డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్ పెట్టాలి, విండోస్‌లోనే బ్రౌజర్ తెరిచి ఫైలింగ్ చెయ్యాలి. టోకెన్‌ను లోపలికి పంపడం కష్టమేం కాదు. లినక్స్‌లో మన యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చాలి, లేకపోతే యూఎస్‌బీ జాబితా ఖాళీగా కనబడుతుంది. కానీ నెట్, విండోస్ రెండూ ఒకేచోట కావాలన్నప్పుడు లోపలి విండోస్‌కు కూడా అప్‌డేట్లు ఉండాల్సిందే. ఇక గోడ కట్టి లాభమేముంది? అతనికి ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కోమన్నాను. క్లయింట్ల పన్ను కాగితాలున్న సిస్టమ్‌ను హామీ లేని అప్‌డేట్ల మీద నడపమని నేను చెప్పను.

ఇప్పటికిప్పుడు ఏదీ తేల్చుకోలేనివాళ్లకు ఈఎస్‌యూ ఉంది. విండోస్ 10కి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం అది. సెట్టింగ్స్ బ్యాకప్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కలిపితే డబ్బు కట్టక్కర్లేదు. గడువు కొనుక్కోవడానికి పనికొస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. 4 జీబీ ర్యామ్, పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టమ్ అయితే ఈ చర్చే వద్దు, లినక్స్ ఒక్కటే వేసి వాడుకోండి.

బావ షాపులో ఇప్పుడు రెండే స్నాప్‌షాట్లున్నాయి. ఒకటి నేను అన్నీ సర్దిన రోజుది. రెండోదానికి పేరు ఆయనే పెట్టుకున్నాడు: "శ్రావణం ముహూర్తాలకు ముందు".