కుట్టు సామాన్ల మడత సంచి: నాలుగేళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది చివికింది

మూడు సంచులు. ఒకే కొలత, ఒకే పై బట్ట, ఒకే కుట్టు. తేడా అంతా లోపలి పొరలోనే. ఒకదానిలో 5 మి.మీ. ఫోమ్, రెండోదానిలో పాలియెస్టర్ వాడింగ్ (దూదిలాంటి పీచు పొర), మూడోదానిలో పాత నూలు చీర నాలుగు మడతలు. కుట్టిన రోజు చూస్తే మొదటి రెండూ షోరూంలో కొన్నట్టున్నాయి. మూడోది నిండుదనం లేక, పాత బొంతలోంచి కత్తిరించిన ముక్కలా ఉంది. నాలుగేళ్లు రోజూ తెరిచి మూసాక ఇప్పుడు మిషన్ పక్కన ఉన్నది ఆ మూడోదే. ఫోమ్‌ది పారేశాను. వాడింగ్‌ది గుండీలు దాచే డబ్బాలో అడుగున పరిచాను.

ఫోమ్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్లో చూసి మొదలుపెట్టేవాళ్లలో చాలామంది దాన్నే కొంటారు. సోఫాల్లో వాడే పాలియురెథేన్ ఫోమే ఇది, పల్చటి షీటుగా వస్తుంది. గాలికి, తేమకి ఇది మెల్లగా విరుగుతుంది. ముందు పసుపు రంగుకి తిరుగుతుంది, తర్వాత పొడి అవుతుంది. మడత పడే చోట ఇంకా తొందరగా పోతుంది. మూడో వానాకాలానికి సూది రంధ్రాల్లోంచి పసుప్పచ్చని పొడి రాలి బాబిన్లకి (మిషన్ కింది దారం చుట్టే చిన్న చక్రాలు), దారం రీళ్లకి అంటుకోవడం మొదలైంది. విప్పి చూస్తే మడత గీత పొడవునా ఫోమ్ రెండు ముక్కలు. తప్పు కుట్టుది కాదు, ఆ సరుకు గుణమే అంత. మడత లేని వాటికి, అంటే నిలబడే బుట్టలకి, చిన్న డబ్బా సంచులకి ఫోమ్ బాగానే ఉంటుంది. రోజూ మడిచే దానికి వద్దు.

పాలియెస్టర్ వాడింగ్ అంత ద్రోహం చేయదు. తేలిక, ఉతికితే గంటల్లో ఆరిపోతుంది. దాని లోపాలు రెండు. ఇస్త్రీ పెట్టె వేడిగా తగిలితే అక్కడ అప్పడంలా అణిగిపోతుంది, మళ్లీ లేవదు. రెండోది, పై బట్ట నేత కాస్త వదులుగా ఉంటే లోపలి పీచు సన్నటి వెంట్రుకల్లా బయటికి వస్తుంది. ముదురు రంగు బట్ట మీద తెల్ల నూగులా కనిపిస్తుంది. అరచేత్తో రుద్దితే కాసేపు పోతుంది, రెండు రోజులకి మళ్లీ వస్తుంది. వాడింగే పెట్టాలనుకుంటే పై బట్టగా దగ్గరి నేత ఉన్న పాప్లిన్ తీసుకోండి. వదులు నేత చేనేత బట్టే కావాలంటే దానికీ వాడింగ్‌కీ మధ్య పల్చటి మల్‌మల్ ఒక పొర వేయండి.

ఇక పాత చీర. ఏ చీరైనా పనికిరాదు. నడుము దగ్గర లోపలికి దోపుకునే వైపు బట్ట గట్టిగా ఉంటుంది. కుచ్చిళ్ల కింది అంచు, మడమ తగిలే చోటు అప్పటికే పలచబడి ఉంటుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తెలిసిపోతుంది. ఎన్నో ఉతుకులు చూసిన నూలు కాబట్టి ఇంక ముడుచుకోదు, పైగా పొరకి పొర పట్టుకుని ఉంటుంది, వాడింగ్‌లా జారదు. మడతలు నాలుగుకి మించితే మూలల దగ్గర మామూలు మిషన్ మొండికేస్తుంది. పై బట్ట కొత్తదైతే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టండి. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో కూడా చూడండి. ముఖ్యంగా ఎరుపు, నలుపు ఉన్న కలంకారీ, ఇకత్ ముక్కల్ని. లోపలి పొర లేతరంగైతే ఒక్క తడికే మచ్చలు పడతాయి.

కొలతల దగ్గరికి వద్దాం. అసలు పని ఇక్కడే ఉంది. సంచి తెరిస్తే 20 అంగుళాల పొడవు, 9 అంగుళాల ఎత్తు. ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు. మొదటిసారి కుట్టేవాళ్లు ఇరవైని మూడుతో భాగించి గీతలు గీస్తారు. ఖాళీ సంచి చక్కగా మడత పడుతుంది, సామాను పెట్టగానే పుస్తకం నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. మడత దగ్గర మందానికి చోటు ఉండాలి, దాన్నే వెన్ను అంటాను. నా లెక్క ఇది: 6 అంగుళాల పలక, ముప్పావు అంగుళం వెన్ను, 6 అంగుళాల పలక, అంగుళంపావు వెన్ను, 6 అంగుళాల పలక. రెండో వెన్ను పెద్దది ఎందుకంటే చివరి పలక అప్పటికే మడిచిన రెండింటి మీదుగా రావాలి. వెన్ను భాగంలో జేబు గానీ జిప్పు గానీ రాకూడదు. వెన్నుకి అటూ ఇటూ నిలువు కుట్టు ఒక్కొక్కటి వేస్తే మడత దానంతట అదే ఆ గీత మీద పడుతుంది.

పొరలన్నీ కలిపి గీతలుగా వేసే బొంత కుట్టు బట్టని కొంత తింటుంది. అందుకే పొరలన్నీ 21 × 10 అంగుళాలకి కత్తిరించి, కుట్టంతా అయ్యాక 20 × 9 కి కోసుకోవాలి. ముందే సరిగ్గా కత్తిరిస్తే పావు, అర అంగుళం తగ్గి వెన్నుల లెక్క చెడుతుంది. పొరలు జరగకుండా నాలుగు అంగుళాలకొక పిన్నీసు పెట్టండి, లేదా కచ్చా కుట్టు వేయండి. గీతల మధ్య దూరం అంగుళం. మధ్య గీత మొదట, తర్వాత కుడివైపు, ఎడమవైపు. అంచు నుంచి మొదలుపెడితే మిగిలిన బట్టంతా రెండో అంచు దగ్గరికి చేరి ఉబ్బుతుంది. గీతలన్నీ పైనుంచి కిందికే కుట్టండి. ఒకటి కిందికి, పక్కది పైకి కుడితే గీతల మధ్య బట్ట ఏటవాలుగా మెలిపడుతుంది, ఇస్త్రీకి కూడా పోదు. కుట్టు పొడవు 3 మి.మీ., సూది 16 నంబరు. బట్టని పైనుంచి నొక్కిపట్టే పాదం ఒత్తిడి తగ్గించే మర ఉన్న మిషనైతే కాస్త వదులు చేయండి, పై పొర ముందుకు తోసుకుపోదు.

జేబుల వెడల్పుకి ఒక లెక్క ఉంది. పల్చటి వస్తువైతే దాని వెడల్పు, మందం కలిపి పావు అంగుళం చేరిస్తే చాలు. మందమైన వస్తువుకి అది పనికిరాదు, జేబు నిండగానే వెనక పలక విల్లులా వంగుతుంది. బాబిన్ తీసుకోండి. అడ్డం సుమారు 2 సెం.మీ., మందం 1.2 సెం.మీ. దీనికి అడుగు బట్ట మీద ఒక అంగుళం, పైన జేబు పట్టీలో రెండు అంగుళాలు ఇవ్వాలి. ఎక్కువైన అంగుళాన్ని అటూ ఇటూ చిన్న కుచ్చులుగా మడవాలి. నాలుగు బాబిన్లకి కింద నాలుగు అంగుళాలు, పైన ఎనిమిది. లోతు ముప్పావు అంగుళం పెడితే బాబిన్ అంచు మాత్రం బయటికి కనబడుతుంది, గోటితో లాగితే వస్తుంది. అర అంగుళం పెట్టిన సంచిలో తలకిందులు చేసినప్పుడల్లా బాబిన్లు జారి మంచం కిందికి పోయేవి.

కత్తెర జేబు దగ్గర మొహమాటం వద్దు. బట్ట కత్తిరించే 10 అంగుళాల కత్తెరకి ఈ సంచిలో చోటు లేదు. దాని బరువుకే పలక కిందికి లాగేస్తుంది. దారం తెంపే చిన్న కత్తెర, కుట్లు విప్పే రిప్పర్, చాక్ ముక్క, అంతే. కత్తెర మొన జేబు అడుగుని పొడుస్తూనే ఉంటుంది. ఉత్త కాటన్ జేబు ఏడాది కూడా ఆగలేదు. పాత జీన్స్ ప్యాంటు ముక్క అడుగున రెండంగుళాల మేర లోపలివైపు వేశాక మూడేళ్లుగా చెక్కు చెదరలేదు. చాక్ ముక్కని మాత్రం విడిగా చిన్న కవర్లో వేయండి, లేకపోతే ఆ పొడి అన్నిటికీ అంటుతుంది.

సూదులకి క్రాఫ్ట్ షాపుల్లో అమ్మే ఫెల్ట్ షీటు అందరూ వాడేదే. పని జరుగుతుంది గానీ అది చాలావరకు సింథటిక్, ఏడాదికల్లా ఉండలు కడుతుంది. స్పాంజి ముక్క అసలు వద్దు, తేమ పట్టి సూది లోపలే తుప్పు పడుతుంది, లాగితే నల్ల గీత మిగులుతుంది. అన్నిటికంటే బాగున్నది గొంగడి ముక్క. 4 × 3 అంగుళాలవి రెండు, పుస్తకంలో పేజీల్లా ఒక అంచున కుట్టాలి. ఉన్ని సూదిని పట్టుకుంటుంది, మొన మొద్దుబారదు. ఒక జాగ్రత్త: గొంగడి నేతలో చింతగింజల గంజి వాడతారు, కొత్త ముక్క అట్టలా ఉంటుంది. రెండుమూడు సార్లు చల్లని నీళ్లలో నానబెట్టి, గంజి పోయాకే కుట్టండి.

పారదర్శకంగా ఉంటుందని పెట్టే ప్లాస్టిక్ జేబు మీద నా అభిప్రాయం పూర్తిగా మారింది. డైనింగ్ టేబుల్ మీద పరిచే పీవీసీ షీటులో పల్చటి రకం వాడాను. కొత్తలో లోపల ఏముందో కనిపించడం హాయిగా ఉంటుంది. రెండో వేసవికి పసుపెక్కింది. దానికి ఆనుకుని ఉన్న పెన్సిల్ రబ్బరు మెత్తబడి కరుచుకుపోయింది. గాలి ఆడదు కాబట్టి లోపల వేసిన బ్లౌజు హుక్కులు తుప్పు పట్టాయి. కుట్టేటప్పుడూ పేచీలే. పాదం దానికి అతుక్కుని కదలదు, అందుకే పైన పల్చటి బటర్ పేపర్ వేసి కుట్టి తర్వాత చింపేయాలి. గుండుసూది గుచ్చితే ఆ రంధ్రం శాశ్వతం, కాబట్టి క్లిప్పులే పెట్టాలి. కుట్టు చిన్నగా వేస్తే తపాలా బిళ్లల షీటులా ఆ గీత వెంటే చిరుగుతుంది, 3.5 నుంచి 4 మి.మీ. ఉండాలి. ఇంత శ్రమా పడి చివరికి ఆ జేబు ఊడదీసి దోమతెర నెట్ వేశాను. లోపలిది కనిపిస్తుంది, గాలి ఆడుతుంది, ఉతకొచ్చు. హుక్కులు నెట్ కళ్లలో చిక్కుకుంటాయన్నది నిజమే. వాటిని చిన్న గుడ్డ సంచిలో వేసి లోపల పెడితే సరి.

నెట్ జేబుకి జిప్పు రోల్ నుంచి కోసిన నైలాన్ జిప్పే, 3 నంబరు సరిపోయింది. 5 నంబరు ఇంత చిన్న జేబుకి బరువు. రెండు చివరలా బట్ట ముక్క మడిచి తొడిగితే రన్నర్ ఊడిరాదు. జిప్పు పళ్లు అంచుకి అర అంగుళం లోపలే ఆగిపోవాలి. అంచు పట్టీ కుట్టు పళ్ల మీదుగా పోతే సూది వంకరపోవచ్చు, ఒక్కోసారి విరిగి మొన ఎగురుతుంది.

అంచు పట్టీ 2¼ అంగుళాల వెడల్పు, రెండుగా మడిచి కుట్టేది. మూలలు కోసుగా ఉంటే క్రాస్ పట్టీ (బట్టని ఏటవాలుగా కోసినది) అక్కర్లేదు, నిలువు పట్టీ చాలు. పాత చీర ఫాల్ దీనికి బాగా కుదిరింది. మూలల్ని టీ గ్లాసు పెట్టి గుండ్రంగా గీస్తే మాత్రం క్రాస్ పట్టీయే వేయాలి, లేకపోతే ముడతలు. కష్టమంతా జేబు, పొరలు, పట్టీ కలిసే చోటే. అక్కడ పాదం ముక్కు పైకి లేచి, వెనక భాగం దిగిపోతుంది, కింద బట్టని లాగే మిషన్ పళ్లకి బట్ట అందదు, కుట్టు ఒకేచోట గుట్టపడుతుంది. అప్పుడు పాదం వెనకభాగం కింద అంతే మందం వచ్చేలా ఒక గుడ్డముక్క మడిచి పెట్టండి. పాదం సమానంగా నిలబడుతుంది, ఆ అర అంగుళం చేతి చక్రంతో తిప్పి దాటించండి. మోటార్ మీద ఆ గుట్ట దాటించబోయి రెండు సూదులు విరిగాయి.

సంచి గట్టిగా నిలబడాలని బుక్రం (గట్టి గుడ్డ), పేస్టింగ్ (ఇస్త్రీతో అతికే పొర) పెట్టమని కొందరు చెబుతారు. బుక్రం మొదటి ఉతుకులోనే మెత్తబడింది, పేస్టింగ్ వెన్నుల దగ్గర బొబ్బలెక్కింది. రెండూ అనవసరం. ఉతకడమంటే ఎలాగూ ఏడాదికి రెండుసార్లే, చల్లని నీళ్లలో చేత్తో. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి.

మూత విషయంలో నాలుగు రకాలూ అయ్యాయి. వెల్క్రో ఆరు నెలల్లో దారపు పోగులతో నిండిపోయింది, పైగా పక్కనున్న బొంత కుట్టుని పీకుతుంది. అయస్కాంతం బటన్ పెడితే సూదులన్నీ దానికే అతుక్కుని, వాటికీ అయస్కాంత గుణం పట్టి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. టిచ్ బటన్ ఒకే మందానికి సరిపోతుంది. ఒక రీలు ఎక్కువ పెడితే మూత అందదు, తక్కువ పెడితే లూజు. నాడా ఒక్కటే సంచి ఎంత లావైనా కట్టుబడుతుంది. ఒకప్పుడు బ్రిటిష్ సైనికుల కుట్టు సామాన్ల చుట్టకి ‘హౌస్‌వైఫ్’ అని పేరు, అదీ గుడ్డచుట్టే, చాలావాటిలో కట్టడానికి నాడాయే. ముప్పావు అంగుళం వెడల్పు, 30 అంగుళాల పొడవు నాడాని మధ్యలో మడిచి, పెద్ద వెన్ను మీద అంచు పట్టీ వేసే ముందే కుట్టేయండి. 

ఇప్పటికి మూడోదానిలో బాగుచేయాల్సి ఉన్నది వెన్ను దగ్గర అంచు పట్టీ ఒక్కటే. రెండు మడతల పట్టీలో పై మడత అరిగింది, కింది మడత ఇంకా ఉంది, అంటే అర్జెంటేమీ లేదు. నాలుగు అంగుళాల ముక్క వేసి పైనుంచి చేత్తో హెమ్మింగ్ చేస్తే సరిపోతుంది. పట్టీ మొత్తం విప్పబోతే నాడా కూడా ఊడుతుంది.