ట్రయల్స్‌కి పేషెంట్లను కలిపే ఆన్‌లైన్ సర్వీస్: నా వైపు నుంచి ఐదుకి రెండు స్టార్లు

మా అక్కకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచి నొప్పిపెట్టే జబ్బు) వచ్చి తొమ్మిదేళ్లు. మొదట్లో మెథోట్రెక్సేట్ బాగానే పనిచేసింది, తర్వాత ఒక బయొలాజిక్ ఇంజెక్షన్‌కి మార్చారు, అదీ ఏడాది తిరక్కుండానే పట్టు తప్పింది. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగుసుకోదు, జడ వేసుకోవాలన్నా పక్కన ఒకరుండాలి. అలాంటి రోజుల్లో, కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్‌కి పేషెంట్లను చూసిపెట్టే ఈ సర్వీస్ నా కంటపడింది. పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఏది వాడేవాళ్లకైనా నేను చెప్పేది పనికొస్తుంది.

ముందు మంచి చెబుతాను. ఫారం నింపడం తేలిక, పది నిమిషాల్లో అయిపోయింది. మర్నాటికల్లా మూడు ట్రయల్స్ చూపించారు, ప్రతిదానికీ ఎన్‌సీటీ నంబర్ ఇచ్చారు. రెండు స్టార్లూ ఇందుకే. ఎన్‌సీటీ అన్న అక్షరాల తర్వాత ఎనిమిది అంకెలుంటాయి, ఆ నంబర్ చేతిలో ఉంటే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ఎవరైనా ఆ ట్రయల్ వివరాలన్నీ చూసుకోవచ్చు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 2000 నుంచి నడుపుతున్న రిజిస్ట్రీ అది, లాగిన్ అక్కర్లేదు. నేను మూడూ వెతికాను. ఒకదాని ఎదురుగా "యాక్టివ్, నాట్ రిక్రూటింగ్" అని ఉంది, అంటే ట్రయల్ నడుస్తోంది గానీ కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. సర్వీస్ వాళ్ల లిస్టులో మాత్రం అది ఇంకా ఓపెన్‌గానే ఉంది.

ఇంకోటి, వాళ్ల పేజీలో పెద్ద అక్షరాలతో "ఉచిత సరికొత్త చికిత్స" అని ఉంది. అది చదివి అక్క వారం రోజులు ఎంత ఆశపడిందో నేను కళ్లారా చూశాను. పరీక్షలో ఉన్న మందు అని చెప్పకుండా ప్రకటనలో కొత్త చికిత్స అనకూడదని, డబ్బులు అడగరన్న మాటని ఉచిత చికిత్సగా ఊరించకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకాల్లోనే ఉంది. మేం వెళ్లిన ట్రయల్‌లో ముగ్గురిలో ఒకరికి ప్లాసిబో, అంటే అసలు మందు లేని ఉత్తుత్తి డోసు, ఇస్తారని మాకు తెలిసింది ట్రయల్ జరిగే సెంటర్‌కి వెళ్లి కన్సెంట్ ఫారం (సమ్మతి పత్రం) చదివాకే. నాకు దానికి కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

అసలు సమస్య స్క్రీనింగ్ రోజున, అంటే ట్రయల్‌కి సరిపోతారో లేదో చూసే రోజున, బయటపడింది. నాలుగు గంటల ప్రయాణం చేసి వెళ్లాం. కన్సెంట్ ఫారం ఒక్కో పేజీ చదివించి, సంతకం అయ్యాకే పరీక్షలు మొదలుపెట్టారు. డాక్టర్‌గారు కీళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ చెబుతుంటే కోఆర్డినేటర్ ఒక మనిషి బొమ్మ మీద గుర్తులు పెడుతూ వచ్చింది. నొప్పి కోసం 68 కీళ్లు, వాపు కోసం 66 చూస్తారట. ఆ రెండు తేడా ఏంటని అడిగాను. తుంటి కీళ్లు లోతుగా ఉంటాయి, అక్కడ వాపు చేతికి తెలియదు, అందుకని వాటిని వాపు లెక్కలో వదిలేస్తారని చెప్పారు. ఆ ట్రయల్‌కి కనీసం ఆరు కీళ్లలో నొప్పి, ఆరింటిలో వాపు ఉండాలి. అక్కకి నొప్పి పద్నాలుగింటిలో, వాపు తొమ్మిదింటిలో. ఇక తీసుకున్నట్టే అనుకున్నాం.

అప్పుడు కోఆర్డినేటర్ మందుల చీటీ చూస్తూ అడిగింది, "మేడమ్, ప్రెడ్నిసొలోన్ 5 నుంచి 10కి ఎప్పుడు పెంచారు?" అది అక్క వాడే స్టెరాయిడ్ మాత్ర. రెండు వారాలైందని అక్క చెప్పింది. అంతే. స్క్రీనింగ్‌కి ముందు 4 వారాల పాటు స్టెరాయిడ్ డోసు మారకూడదన్నది ఆ ట్రయల్ రూలు. రూలులో తప్పేం లేదు, మొన్ననే డోసు పెంచిన మనిషికి రేపు వాపు తగ్గితే అది స్టెరాయిడ్ వల్లో కొత్త మందు వల్లో ఎవరు చెప్పగలరు? టీబీ టెస్టు చేసేదీ ఇలా కారణం ఉండే, ఎందుకంటే ఈ తరహా మందుల్లో కొన్ని లోపల నిద్రపోతున్న టీబీని లేపుతాయి. నా గొడవ రూలుతో కాదు. ఆ రూలు రిజిస్ట్రీలో అందరికీ కనిపించేలా రాసే ఉంది, సర్వీస్ వాళ్ల ఫారంలో వయసు, జబ్బు, వాడిన మందుల పేర్లు అన్నీ అడిగారు, డోసు ఎప్పుడు మారిందని మాత్రం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే, కీళ్ల నొప్పులతో ఉన్న మనిషి రానూపోనూ ఎనిమిది గంటలు సీట్లో కూర్చోవాల్సిన పని ఉండేది కాదు. నాకూ ముందే ఎక్స్‌క్లూజన్ లిస్టు (ఎవరిని తీసుకోరో చెప్పేది) మొత్తం చదవాలని తోచలేదు. మీరు వెళ్లేవాళ్లయితే బయల్దేరకముందే సెంటర్‌కి ఫోన్ చేసి, ఆ లిస్టు వాళ్లతో కలిసి ఒక్కో లైనూ చూసుకోండి, విసుక్కోరు.

తర్వాత సర్వీస్ నుంచి ఒక్క మనిషీ పలకరించలేదు. వేరే ట్రయల్స్ గురించి కాల్స్ మాత్రం రోజుకి రెండు మూడు వచ్చేవి. వివరాలు ఇతరులతో పంచుకోవచ్చన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉంచారు, నేను గమనించలేదు. తీసేయమని మెయిల్ పెట్టాక పది రోజులకు ఆగాయి.

ఫోన్ చేసింది ఆ సెంటర్ కోఆర్డినేటర్ ఒక్కతే. ఈ ట్రయల్‌లో ఒకసారి రీస్క్రీనింగ్‌కి అవకాశం ఉందని చెప్పి, "దీనికోసమని మీ అంతట మీరు డోసు తగ్గించకండి మేడమ్, మీ డాక్టర్‌గారు ఏది చెబితే అదే వాడండి, 10 దాకా మాకు పర్వాలేదు, అది మారకుండా ఉంటే చాలు" అంది. అక్క డాక్టర్‌గారు 10 మీదే ఉంచారు. వచ్చే మంగళవారానికి 4 వారాలు పూర్తవుతాయి. మందు మార్చిన ప్రతి తేదీ ఒక కాగితం మీద రాసి, ఫైల్ పైన పిన్ చేసి పెట్టాం.